నవ్వించు విజ్ఞానకల్పన: ‘ఎర్త్‌బౌండ్’ ఆటపై ఒక విమర్శ

విజ్ఞానకల్పన అనగానే సామాన్య పాఠకుని మనస్సునకు తోచునవి అంతరిక్ష నౌకలు, కిరణాయుధములు, గంభీరముగా ప్రసంగించు శాస్త్రజ్ఞులు. ఈ సామగ్రితో నవ్వు పుట్టించుట కష్టము. నవ్వించిన తరువాత ఆలోచింపజేయుట మరింత కష్టము. జపానులో 1994వ సంవత్సరమున వెలువడిన ఒక వీడియో ఆట ఈ రెండు పనులకును పూనుకొన్నది. అక్కడ దాని పేరు ‘మదర్ 2’. మరుసటి సంవత్సరము అమెరికాలో అది ‘ఎర్త్‌బౌండ్’ అను పేరుతో విడుదలయినది. అమెరికాలో ఆనాడు దానిని కొన్నవారు తక్కువ. అయినను ముప్పది యేండ్లు గడచిన పిమ్మట కూడ దానిని మరల మరల ఆడువారు, దాని సంగీతమును వాయించువారు, దాని సంభాషణలను కంఠస్థము చేసినవారు ఉన్నారు. అంగడిలో ఓడిపోయిన వస్తువు ఇంతకాలము ఎట్లు నిలచినది? నిలుచుటకు తగిన గుణము అందులో నిజముగా ఉన్నదా, లేక ఇది చిన్ననాటి జ్ఞాపకములపై మోజు మాత్రమేనా? గడియారమును విప్పి చూచినట్లు ఆటను విప్పి చూచినగాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

వీడియో ఆటను విమర్శకు తగిన వస్తువుగా ఎంచుటకు కొందరు ఉపాధ్యాయులు సంకోచింపవచ్చును. నాటకమును, చలనచిత్రమును కూడ ఒకప్పుడు వట్టి కాలక్షేపమని త్రోసిపుచ్చినవారు కలరు. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థులు ఆటలలో గడుపుచున్న సమయము తక్కువైనది కాదు. మంచి పద్యమును చెడ్డ పద్యమునుండి వేరుపరచుట నేర్పినట్లే, మంచి ఆటను చెడ్డ ఆటనుండి వేరుపరచుట నేర్పుట కూడ అవసరమే. అందుకు ఈ ఆట తగిన ఉదాహరణము.

పాత్రధారణ ఆట అనగా నేమి?

ఎర్త్‌బౌండ్ పాత్రధారణ ఆటల జాతికి చెందినది. ఈ జాతిలో ఆడువాడు కథలోని ఒక పాత్రను తన పాత్రగా స్వీకరించును. ఆ పాత్ర బలము, వేగము, ప్రాణశక్తి మొదలగునవన్నియు అంకెలలో ఉండును. శత్రువును గెలిచిన కొలది అనుభవము పెరుగును. అనుభవముతో ఆ అంకెలు పెరుగును. 1974లో అమెరికాలో కాగితము, పెన్సిలు, పాచికలతో ఆడు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ప్రచురింపబడినప్పటినుండి ఈ జాతికి ఒక స్థిరరూపము ఏర్పడినది. 1986లో జపానులో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ దానిని ఇంటింటి టెలివిజనుపైకి తెచ్చినది. కత్తి పట్టిన వీరుడు, కోటలు, రాక్షసులు, మాంత్రికులు ఇందులో మామూలు వస్తువులు.

షిగెసాతో ఇతోయి జపానులో పేరుపొందిన ప్రకటనల రచయిత. 1988లో వచ్చిన ‘మై నైబర్ టోటోరో’ అను బొమ్మల చలనచిత్రములో తండ్రి పాత్రకు గొంతు ఇచ్చినది ఆయనయే. డ్రాగన్ క్వెస్ట్ ఆడి ఆనందించిన ఇతోయికి ఒక ఆలోచన కలిగినది: కత్తికి బదులు బేస్‌బాల్ బ్యాటు, కోటకు బదులు సూపర్ బజారు, రాజుగారికి బదులు టెలిఫోనులో మాటలాడు తండ్రి ఉన్నచో ఆట యెట్లుండును? ఆ ఆలోచన ఫలితముగా 1989లో ‘మదర్’ వెలువడినది. దానికి రెండవ భాగమే ఎర్త్‌బౌండ్.

ఈ రెండవ భాగము తయారగుటకు సుమారు ఐదు సంవత్సరములు పట్టినది. నడుమ ఒకసారి పని పూర్తిగా చిక్కుపడి నిలచిపోవు స్థితికి వచ్చినది. అప్పుడు హాల్ ప్రయోగశాల అను సంస్థనుండి సతోరు ఇవాతా అను ఇంజనీరు సహాయమునకు వచ్చినారు. ఉన్నదానినే సరిదిద్దినచో రెండేండ్లు పట్టుననియు, మొదటినుండి వ్రాసినచో అర్ధ సంవత్సరము చాలుననియు ఆయన తేల్చి చెప్పినారు. చెప్పి ఊరకుండక, అందరును ఒకేసారి పనిచేయుటకు వీలైన సాధనములను ముందుగా తయారుచేసినారు. సాధనములు సిద్ధమైన పిమ్మట పని సాఫీగా సాగినది. 2002లో ఇవాతా నింటెండో సంస్థకు అధ్యక్షులైనారు. 2015లో మరణించినారు. తప్పుడు పునాదిపై అతుకులు వేయుటకంటె పునాదిని మార్చుటయే తక్కువ శ్రమ అను ఈ నిర్ణయము ప్రయోగశాలలో పనిచేయువారందరును గుర్తుంచుకొనదగినది.

కథ

కాలము 199ఎక్స్. అనగా తొంబదులలో ఏదో ఒక సంవత్సరము. దేశము ఈగిల్‌లాండ్. ఇది అమెరికాను దూరమునుండి చూచి ఊహించిన దేశము. పట్టణముల పేర్లు వనెట్, టూసన్, త్రీడ్, ఫోర్‌సైడ్. వీనిలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అను ఇంగ్లీషు అంకెలు దాగియున్నవి. వనెట్ పట్టణము దగ్గర కొండపై ఒక రాత్రి ఉల్క పడును. ఆ శబ్దమునకు మేల్కొన్న నెస్ అను బాలుడు చూడబోగా, ఉల్కనుండి తేనెటీగను పోలిన చిన్న ప్రాణి ఒకటి వెలువడును. దాని పేరు బజ్ బజ్. అది పదేండ్ల తరువాతి కాలమునుండి వచ్చినది. గీగస్ అను విశ్వనాశకుడు భవిష్యత్తును అంధకారములో ముంచినాడనియు, ముగ్గురు బాలురు, ఒక బాలిక కలసి వానిని ఎదిరింపవలెననియు అది తెలుపును.

ఇంతవరకు కథ గంభీరముగానే ఉన్నది. ఇంటికి తిరిగి వచ్చునప్పుడు ఆకాశమునుండి దిగిన బలిష్ఠుడైన శత్రువును ఎదుర్కొనుటలో నెస్‌కు తోడ్పడిన ఆ మహావీరుడు, పొరుగింటి ఇల్లాలి చేతి దెబ్బకు ఈగవలె నేలబడును! ఆమెకు అది వట్టి పురుగు. చనిపోవుచు బజ్ బజ్ సుదీర్ఘముగా ఉపదేశము చేయును. చెప్పినది మరల వినవలెనా అని కూడ అడుగును. ఈ ఒక్క ఘట్టములో ఆట స్వభావమంతయు ఉన్నది. విశ్వమును రక్షింపవచ్చిన దూత మరణించుటకు గ్రహాంతర ఆయుధము అక్కరలేదు. ఒక ఇల్లాలి చిరాకు చాలును.

తరువాత నెస్‌తో పౌలా అను బాలిక, జెఫ్ అను యంత్రజ్ఞుడైన బాలుడు, పూ అను తూర్పుదేశపు రాకుమారుడు కలియుదురు. భూమిపై ఎనిమిది పవిత్రస్థలములలో ఎనిమిది స్వరభాగములను సేకరించి, తుదకు గీగస్‌ను ఎదిరించుటయే కథ.

నవ్వు ఎక్కడనుండి పుట్టును?

హాస్యమునకు మాటల చమత్కారము ఒక మార్గము. ఈ ఆటలో అది ధారాళముగా ఉన్నది. శత్రువులుగా ఎదురుపడువారిలో పాతకాలపు హిప్పీ, చిరాకు పడు ఇల్లాలు, పిచ్చెక్కిన టాక్సీ, గోడ దిగి వచ్చిన నైరూప్య చిత్రము ఉన్నారు. వారు ఓడిపోయినప్పుడు మరణించినట్లు చెప్పరు. మనిషి తెలివి తెచ్చుకొనును, జంతువు సాధువగును, వస్తువు మామూలు స్థితికి వచ్చును. అనగా వీరెవ్వరును స్వతః దుష్టులు కారు. గీగస్ ప్రభావమునకు లోనై గతి తప్పినవారు. హాస్యము మాటున దాగిన ఈ మానవత్వము చెప్పుకొనదగినది.

కాని మాటల హాస్యము ఏ పుస్తకములోనైనను దొరకును. ఆటకు మాత్రమే సాధ్యమైన హాస్యము వేరొకటి ఉన్నది. అది నియమములలో పుట్టు హాస్యము. ఎర్త్‌బౌండ్ విశిష్టత ఇక్కడనే ఉన్నది. ఉదాహరణకు, నెస్ ఇల్లు విడిచి చాలకాలమైనచో అతనికి ఇంటిపై బెంగ కలుగును. పోరాటము నడుమ ఆజ్ఞను పాటింపక అమ్మను తలచుకొనుచు నిలబడిపోవును. దీనికి మందు ఏ ఆసుపత్రిలోను లేదు. తల్లితో మాటలాడిననే తగ్గును. తండ్రి కథలో ఎక్కడను కనబడడు. ఆయన టెలిఫోను గొంతు మాత్రమే. గెలిచిన పోరాటములకు తగిన సొమ్మును ఆయన బ్యాంకులో వేయును. కుమారుడు దానిని యంత్రమునుండి తీసికొనవలెను. చాలసేపు ఆడినచో ఆ తండ్రియే టెలిఫోను చేసి, కొంచెము విశ్రాంతి తీసికొనరాదా అని అడుగును. ఆ సలహా నెస్‌కా, ఆడుచున్న పిల్లవానికా? ఇద్దరికిని. ఆడువానిని లేవనీయకుండ కట్టివేయు ఆటలు పెరిగిన ఈ కాలములో, తానే లెమ్మని చెప్పు ఆట అరుదు.

తిరుగు అంకెలు

నియమములతో అర్థమును పుట్టించుటకు మరియొక మంచి ఉదాహరణము ప్రాణశక్తిని చూపు అంకెల చట్రము. ఇతర ఆటలలో దెబ్బ తగిలిన వెంటనే అంకె తగ్గును. ఇక్కడ అట్లు కాదు. మోటారు బండిలో నడచిన దూరమును చూపు మీటరువలె అంకెలు ఒకటొకటిగా తిరుగుచు దిగును.

జెఫ్‌కు 80 ప్రాణాంకములు ఉన్నవనుకొందము. శత్రువు 120 అంకముల దెబ్బ కొట్టినాడు. లెక్క ప్రకారము జెఫ్ చనిపోయినట్లే. కాని మీటరు 80నుండి సున్నకు చేరుటకు కొంత కాలము పట్టును. అది సెకనునకు 10 చొప్పున దిగుననుకొన్నచో 8 సెకనుల వ్యవధి దొరకును. ఆ లోపల పోరాటము ముగిసినచో మీటరు ఉన్నచోటనే ఆగిపోవును, జెఫ్ బ్రదుకును. ఆ లోపల మందు ఇచ్చినను బ్రదుకును. ఆలసించినచో కూలును.

భౌతికశాస్త్రము చదువుకొన్నవారికి ఇది తెలిసిన విషయమే. కారణము తక్షణమే పనిచేసినను ఫలితము కనబడుటకు కాలము పట్టును. పొయ్యి ఆర్పిన వెంటనే నీరు చల్లారదు. విలువ వేరు, విలువ మారు రేటు వేరు. ఈ తేడాను తరగతిలో వివరించుటకు ఎంతో శ్రమపడవలసి యుండును. ఈ ఆటలో పదేండ్ల పిల్లవాడు కూడ దానిని గుండె దడతో తెలిసికొనును. అంకె సున్నకు దిగుచుండగా పట్టిక తెరచి తొందరతో మందు వెదకు దృశ్యములో నవ్వును ఉన్నది, భయమును ఉన్నది. ఒక చిన్న గణితనియమము ఇంత భావమును మోయగలుగుట గొప్ప విషయము.

తరంగముల చిత్రము

ఎర్త్‌బౌండ్ ఆడబడిన యంత్రము నింటెండోవారి సూపర్ ఫామికామ్. దాని తెరచిత్రము సాధారణముగా అడ్డముగా 256, నిలువుగా 224 బిందువులు కలది. ఆట మొత్తము 24 మెగాబిట్ల గుళికలో ఇమిడినది; అనగా 3 మెగాబైట్లు. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము అంత స్థలము ఆక్రమించును. అంత చిన్న చోటులో పట్టణములు, గుహలు, ఎడారి, సముద్రము, సంగీతము, వేలకొలది సంభాషణలు ఇముడవలెను.

ఈ కొరత నడుమ పోరాట దృశ్యములకు చేసిన ఏర్పాటు ముచ్చటైనది. శత్రువు వెనుక రంగుల అల్లికలు నీటిలో నీడలవలె వంకరలు తిరుగుచుండును. దీనికొరకు వందలకొలది బొమ్మలు గీయలేదు. చిన్న అల్లిక ఒకటి తీసికొని, దానిలోని ప్రతి అడ్డగీతను కొంచెము ప్రక్కకు జరిపినారు. ఎంత జరుపవలెనో నిర్ణయించునది సైను సూత్రము. గీత సంఖ్యను, గడచిన కాలమును ఆ సూత్రములో వేసినచో ప్రతి గీత జరుగవలసిన దూరము వచ్చును. కంపన పరిమితిని పెంచినచో వంకర పెరుగును. పౌనఃపున్యమును పెంచినచో అలలు దగ్గరపడును. సరి సంఖ్య గీతలను ఒక ప్రక్కకు, బేసి సంఖ్య గీతలను మరియొక ప్రక్కకు జరిపినచో రెండు చిత్రములు ఒకదానిలో ఒకటి కలసి కరగుచున్నట్లు తోచును. నిలువుగా జరిపినచో చిత్రము సాగుచు, ముడుచుకొనుచు ఊపిరి తీయుచున్నట్లుండును. పదవ తరగతి త్రికోణమితిలోని సైనునుండి ఇన్ని కలలు పుట్టినవి.

ఇది అలంకారము మాత్రమే కాదు. చివరి పోరాటములో గీగస్‌కు వేరుగా ఆకారము లేదు. ఇంతవరకు శత్రువుల వెనుక కదలాడిన వంకర తెరయే అక్కడ శత్రువగును. అతని దాడి యొక్క నిజస్వరూపము గ్రహింప శక్యము కాదని ఆట చెప్పును. దేనిని నేపథ్యమని ఆడువాడు ఇంతకాలము పట్టించుకొనలేదో అదియే ఎదుట నిలచును. ఇతోయి ఈ ఘట్టమునకు ప్రేరణ తన బాల్యములో ఒక పెద్దల చలనచిత్రమును పొరపాటున చూచినప్పుడు కలిగిన భయమని చెప్పినారు. అంతవరకు నవ్వించిన ఆట ఇక్కడ నవ్వును పూర్తిగా ఆపివేయును. హాస్యరచన అంతయు ఇందుకు భూమిక.

ఇద్దరు పరిశోధకులు

ఈ ఆటలో ఉపాధ్యాయులు తప్పక గమనింపదగిన ఘట్టము టూసన్ పట్టణములో ఉన్నది. అక్కడ ఇద్దరు బాల పరిశోధకులు నివసింతురు. ఆరెంజ్ కిడ్ అనువాడు శుభ్రమైన ఇల్లు, మంచి దుస్తులు, మంచి పేరు కలవాడు. ఊరివారందరును అతనినే పొగడుదురు. ఆపిల్ కిడ్ అనువాడు మురికి గదిలో ఉండును. ఎప్పుడును ఆకలిగొని ఉండును. ఎలుక ఒకటి అతనికి తోడు. ఇద్దరును పరిశోధనకు చెరి 200 డాలర్లు అడుగుదురు.

ఆరెంజ్ కిడ్ ఇచ్చిన యంత్రము తన యజమానిని పొగడుచు పాట పాడి పాడైపోవును. పైన పటారం, లోన లొటారం. ఆపిల్ కిడ్ కొంతకాలము తరువాత టెలిఫోను చేయును. అతడు తయారుచేసిన వస్తువు పెన్సిలును చెరపు యంత్రము. దారికి అడ్డముగా పెన్సిలు ఆకారముగల ఇనుప విగ్రహము ఒకటి ఉన్నది. అది పెన్సిలు కాబట్టి ఈ యంత్రముతో చెరగిపోవును! తరువాత రబ్బరు ఆకారముగల విగ్రహము అడ్డమగును. దానిని చెరపుటకు రబ్బరును చెరపు యంత్రము వచ్చును. హేతువు అసంబద్ధము, కాని ఆ అసంబద్ధతలోనే కచ్చితమైన క్రమము ఉన్నది.

ఈ ఘట్టము నవ్వించి వదలిపెట్టదు. ఆడువాని చేతిలో ఉన్న డబ్బు తక్కువ. ఎవరికి ఇవ్వవలెనో అతడే తేల్చుకొనవలెను. ఊరివారి మాట విని ఆరెంజ్ కిడ్‌కు ఇచ్చినచో డబ్బు పోవును. పరిశోధనకు సహాయము చేయుటలో సంఘము తరచుగా చేయు పొరపాటు ఇదియే. ఫలితము ఇంకను కనబడనప్పుడు పైమెరుగును చూచి యోగ్యతను నిర్ణయింతురు. తరగతి గదిలో కూడ అందమైన చేతివ్రాత గల జవాబునకు, సరియైన ఆలోచన గల గజిబిజి జవాబునకు మధ్య ఎన్నిసార్లు ఈ పొరపాటు జరుగుట లేదు!

కాలయాత్రకు మూల్యము

జెఫ్ తండ్రి డాక్టర్ ఆండోనట్స్ శాస్త్రజ్ఞుడు. పదేండ్ల తరువాత కుమారుని చూచిన ఆయన, కొద్ది మాటలాడి, మరల పదేండ్లకో ఎప్పుడో కలియుదమని పంపివేయును. నవ్వు వచ్చును. వెంటనే మనస్సు కలుక్కుమనును. పనిలో మునిగిన తండ్రి చిత్రము ఇంత తక్కువ మాటలలో గీయుట సులభము కాదు.

గీగస్ గతకాలములో దాగియున్నందున అతనిని చేరుటకు కాలయంత్రము కావలెను. దాని నిర్మాణమునకు కథారంభమున వనెట్‌లో పడిన ఉల్క ముక్కయే అవసరమగును. ప్రాణముగల శరీరము ఆ ప్రయాణమునకు తట్టుకొనజాలదు. అందుచేత పిల్లల ఆత్మలను యంత్రమానవులలోనికి మార్చుదురు. తిరిగి రాగలరను హామీ లేదు. కాలయాత్ర శాస్త్రరీత్యా ఎంతవరకు సాధ్యమను ప్రశ్న ఇక్కడ ముఖ్యము కాదు. మూల్యము లేకుండ శక్తి దొరకదను సూత్రమును రచయిత పాటించినాడా అనునదియే ముఖ్యము. శక్తి నిత్యత్వ సూత్రమును చదివిన విద్యార్థికి మంచి విజ్ఞానకల్పనను గుర్తించుటకు ఇది చక్కని గీటురాయి. ఇంతవరకు సరదాగా నడచిన నలుగురు పిల్లలు ఇనుప శరీరములతో నిశ్శబ్దముగా నడచుట చూచినప్పుడు ఆ మూల్యము ఎంతటిదో తెలియును.

దోషములు

గుణములను చెప్పి దోషములను దాచుట విమర్శ కాదు. ఈ ఆటలో దోషములు కొన్ని స్పష్టముగా ఉన్నవి.

మొదటిది నిర్మాణమునకు సంబంధించినది. ఒక్కొక్కరు 14 వస్తువులను మాత్రమే మోయగలరు. కథకు తప్పనిసరియైన వస్తువులు కూడ ఆ లెక్కలోనివే. సంచి నిండినప్పుడెల్ల దేనిని వదలవలెనో తేల్చుకొనలేక ఆడువాడు విసుగుచెందును. తలుపు ముందు నిలబడి మాటలాడుటకు, వెదకుటకు ఆజ్ఞల పట్టిక తెరచు పద్ధతి కూడ పాతదే. అయితే బలహీనమైన శత్రువులు నెస్‌ను చూచి పారిపోవుట, తప్పక గెలువగల పోరును ఆడించకయే గెలిచినట్లు ప్రకటించుట వంటి ఏర్పాట్లు విసుగును కొంత తగ్గించినవి. ఆడువాని కాలమునకు విలువ యున్నదని ఎరిగినవారు చేసిన పని అది.

రెండవది దృష్టికి సంబంధించినది. అమెరికాను ఒక జపాను రచయిత వక్రదర్పణములో చూపినప్పుడు నవ్వు సహజముగా వచ్చినది. కాని పూ పుట్టిన దలామ్ రాజ్యమును చూపునప్పుడు అదే రచయిత తూర్పుదేశములను గూర్చి పడమటి చలనచిత్రములలో అరిగిపోయిన బొమ్మనే తెచ్చినాడు. కొండ శిఖరము, కదలని ధ్యానము, మహిమలు, ఆరాధించు స్త్రీలు! ఇంగ్లాండును పోలిన వింటర్స్‌కు, ఈజిప్టును పోలిన స్కరాబాకు కూడ ఇట్టి పైపై పరిచయమే దక్కినది. నాలుగు ఈగిల్‌లాండ్ పట్టణములకున్న జీవము వీనికి లేదు.

మూడవది అన్నింటికంటె చర్చనీయమైనది. తుదిపోరులో బ్యాటు, కిరణాయుధము, మనశ్శక్తి ఏవియు పనిచేయవు. పౌలా ప్రార్థించును. దారిలో కలసిన వారందరును ఆ పిల్లలను తలచుకొందురు. ఒక్కొక్క తలపుతో గీగస్ బలహీనుడగును. చిట్టచివరకు ఆ ప్రార్థన ఆట ఆడుచున్న మనిషినే చేరును. ఆడువాని పేరును ఆట నడుమనే అడిగి దాచుకొన్నది ఇందుకొరకే! విజ్ఞానకల్పన ప్రార్థనతో ముగియుట న్యాయమా అని విజ్ఞాన పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న సమంజసమే. శత్రువు ఏమిటో, ఎందువలన ఓడినాడో కథ వివరింపలేదు. ఆ మేరకు కల్పన బలహీనమే. కాని గెలిపించినది మహిమ అనుటకంటె పరిచయము అనుట సరిగా ఉండును. సాయము పొందినవారు మరచిపోలేదు. ఆటకు వెలుపల కూర్చున్నవాడు కూడ పరాయివాడు కాడు. తర్కము తగ్గినచోట భావము ఆ లోటును చాలవరకు పూడ్చినదనియే చెప్పవలెను.

నాల్గవది క్రూరహాస్యము. దొంగ ప్రతిలో ఆడుచున్నట్లు పసిగట్టినచో ఆట శత్రువుల సంఖ్యను విపరీతముగా పెంచును. అప్పటికిని పట్టువిడువక చివరకు చేరినచో, తుదిపోరులో నిలచిపోయి, అంతవరకు దాచుకొన్నదంతయు తుడిచివేయును. దొంగతనమును సమర్థింపనక్కరలేదు. కాని ఆ ప్రతి దొంగదని ఎరుగని పిల్లవాడు పడు బాధను తలచినప్పుడు ఈ నవ్వు అంతగా రుచింపదు.

అంగడిలో ఓటమి

1995 జూన్ 5న అమెరికాలో విడుదలైనప్పుడు ఎర్త్‌బౌండ్‌ను మార్గదర్శి పుస్తకముతో సహా పెద్ద పెట్టెలో అమ్మినారు. ఇంగ్లీషులోనికి మార్చుటలో మార్కస్ లిండ్‌బ్లోమ్ జపాను చమత్కారములకు ఈడైన అమెరికా చమత్కారములు వెదకి చాల శ్రమపడినాడు. ప్రకటనలు మాత్రము ఆ శ్రమకు న్యాయము చేయలేదు. గోకి వాసన చూడవలసిన దుర్గంధపు కాగితములను పత్రికలలో పెట్టి, ఈ ఆట కంపు కొట్టునని చెప్పినారు. హాస్యమును అమ్మబోయి వెగటును అమ్మినారు. ఆనాటి సమీక్షకులలో కొందరు బొమ్మలు చిన్నపిల్లలు గీసినట్లున్నవని తీసివేసినారు. యంత్రముల శక్తి, చిత్రముల తళుకు మాత్రమే కొలమానములైన కాలమది. అమెరికాలో అమ్ముడైన ప్రతులు సుమారు 1,40,000. జపానులో అమ్ముడైనవానితో పోల్చినచో ఇది చాల తక్కువ.

ఆటలోని ఆపిల్ కిడ్‌కు జరిగినదే ఆటకును జరిగినది. పైమెరుగు లేనందున లోపలి పనిని చూచినవారు లేరు. చూచిన కొద్దిమంది మాత్రము విడువలేదు. 2006లో జపానులో మాత్రమే వచ్చిన ‘మదర్ 3’ను అభిమానులు స్వయముగా ఇంగ్లీషులోనికి అనువదించి 2008లో వెలువరించినారు. తుదకు 2013లో ఎర్త్‌బౌండ్ మరల విడుదలయినది. ఐరోపా వాసులకు అది మొదటిసారి దక్కినది అప్పుడే. 2022లో నింటెండో స్విచ్ యంత్రముపైకి కూడ వచ్చినది. చిన్ననాడు దీని ప్రభావమునకు లోనైన టోబీ ఫాక్స్ 2015లో ‘అండర్‌టేల్’ అను ఆటను తయారుచేసినాడు. శత్రువును చంపకయే ఆటను పూర్తి చేయు మార్గమును అది చూపినది. తెలివి తెచ్చుకొని ఇంటికి పోవు ఎర్త్‌బౌండ్ శత్రువులను తలచుకొన్నచో ఆ ఆలోచనకు బీజము ఎక్కడిదో తెలియును.

ముగింపు

చిన్ననాటి మోజు ఒక తరముతో ముగియును. 1995నాటికి పుట్టనివారు కూడ ఈ ఆటను ఇష్టపడుచున్నారన్నచో కారణము జ్ఞాపకము కానేరదు. నవ్వును నియమములో పెట్టుట, నియమముతో భావమును పుట్టించుట, కొద్దిపాటి సామగ్రితో పెద్ద ఊహను నడపుట అను మూడు గుణములు దీనిని నిలబెట్టినవి. దీని దోషములు నిజమైనవే. వానిని మించిన పనితనము కూడ నిజమైనదే.

ఉపాధ్యాయులు ఈ ఆటను తరగతిలో ఆడింపనక్కరలేదు. విద్యార్థి తాను ఆడుచున్న ఏ ఆటను గూర్చియైనను మూడు ప్రశ్నలు వేసికొనునట్లు చేసినచో చాలును. ఈ ఆట నియమములేవి? ఆ నియమములు ఏ భావమును కలిగించుచున్నవి? నన్ను ఎప్పుడు లెమ్మనును? మూడవ ప్రశ్నకు జవాబు దొరకని ఆటలు నేడు ఎక్కువ. అట్టి ఆటలనడుమ, టెలిఫోను చేసి విశ్రాంతి తీసికొమ్మను ఆ కనబడని తండ్రి గొంతు ముప్పది యేండ్ల తరువాత కూడ వినదగినదిగానే ఉన్నది.